ఒండ్రు ఎత్తే ఆదివారం

జూరాల గేట్లు మూసిన మూడోనాటికి
మా పార్కు మల్ల పైకి తేలింది.
ముందు జారుడుబండ నెత్తి,
తర్వాత వాలీబాల్ కంబాలు రెండు,
ఆఖరికి బెంచీలు,
దాతల పేర్ల మీద జానెడు ఒండ్రుతోని.

పార్కంటే పెద్దగ ఊహించుకోకుండ్రి.
కృష్ణ ఒడ్డున, నది అగ్రహారం దారిల
కానుగచెట్లు పదకొండు,
ఒక బోరింగు, ఒక ఉయ్యాల,
దీపం పెడతమని పాతి మరిచిపోయిన ఇనుప స్తంభం.
దీన్ని పార్కని మొదట పిలిచింది
లైన్‌మన్‌గ రిటైరైన హుసేనప్ప.
పిలిచినంక ఊడ్వక తప్పలేదు ఆయనకు.

ఏటా ఇంతే.
నది తన జాగ చూసుకొని పోతది,
మేం మా జాగ కడుక్కుంటం.
దండోర ఎవరూ వెయ్యరు.
ఆదివారం పొద్దుగాల
పార చప్పుడు విని ఇంకో పార వస్తది,
తట్టను చూసి తట్ట.

జములమ్మ ఉపాధి పనిల మేటు.
కొలత లేకుండ మట్టి ఎత్తుడు ఆమెకు చేతకాదు.
"ఇది ఎవరి మస్టర్ల రాయాలె?" అని నవ్వుతది,
నవ్వుకుంటనే కట్టెతోని లోతు చూస్తది.
మగ్గం గుంతలకెల్లి లేచొచ్చిన వీరభద్రప్ప
జరీ పట్టిన వేళ్లతోని
ఒండ్రును పోగులెక్క తీస్తడు, మెల్లగ, తెగకుండ.
"నువ్విట్ల తీస్తే మల్ల వరదొస్తది పెదనాయనా" అంటరు పోరగాళ్లు.
బెస్త ఉరుకుందు
చిరిగిన వల మెడల ఏసుకొని వచ్చిండు.
పోయినేడు గూడ ఆయన వలనే మా నెట్టు.
బంతి తగిలినప్పుడల్ల
ఇంకా చేపే కొట్టుకున్నట్టు అదురుతది.

నేను షాహీన్‌ను. బట్టలు కుడ్త.
ఈ పార్కుకు నేనిచ్చింది ఏం లేదు,
తీసుకున్నదే ఉంది:
ఏడు దాటి పిల్లలు ఇండ్లకు వొయ్యినంక
ఉయ్యాల మీద పది నిమిషాలు.
మిషను తొక్కి తొక్కి బిగుసుకున్న కాళ్లు
దేన్నీ తొక్కకుండ గాలిల ఉత్తగ ఉండే పది నిమిషాలు.
నలభై నాలుగేండ్ల మనిషి ఊగుతుంటే
మొదట్ల నవ్విండ్రు.
తర్వాత లైను కట్టిండ్రు.

ఈసారి గొలుసులే వేలాడుతున్నయి.
కూసునే పలకను నది పట్టుకపోయింది.
గొలుసు కొస పట్టుకొని నిలబడ్డ.
ఇంత చిన్నదానికి ఏడుపొస్తే
ఎవరికి చెప్పుకోవాలె?

అప్పుడే కానుగల మూలకెల్లి పిల్లల కేక.
నాచు, తుమ్మకంప, ఒంటి చెప్పు,
వాటి నడుమ బోర్లపడి
ఒక నీలం ప్లాస్టిక్ గుర్రం.
మాది కాదు.
కడిగితే కడుపు మీద అక్షరాలు.
మన అక్షరాలే, తలకట్టు జర వేరు.
కూడబలుక్కొని చూసి
"కన్నడం" అన్నది ఉరుకుందు బిడ్డ.
ఎగువన ఏ ఊరిదో, ఏ బడిదో.
అక్కడ ఎవరో పిల్ల
గట్టు మీద నిలబడి అడుగుతుంటది ఇప్పుడు.

కాసేపు ఎవరి పారా లేవలేదు.
"మల్లి పంపాలె" అన్నడు హుసేనప్ప.
"ఏటికి ఎదురు ఏం బోతది తాతా?"
"రాయచూరు బస్సు" అన్నడు, ఠక్కున.

గుర్రాన్ని బోరింగు పక్కన నిలబెట్టినం.
ఊరు తెలిసేదాక ఎక్కొచ్చు,
పేరు మాత్రం పెట్టొద్దని జములమ్మ షరతు.
పేరు పెడితే మనదైపోతది.

పగటికి బెంచీల మీద పేర్లు బయటపడ్డయి.
ఒకదానికి రంగంత వొయ్యింది,
ఎవరి జ్ఞాపకార్థమో ఎవరికీ జ్ఞాపకం రాలే.
దానిమీదనే సద్దులు విప్పినం:
జొన్నరొట్టె, పల్లీల పొడి, ఉల్లిగడ్డ.

మగ్గం పాత పలకొకటి తెస్తనన్నడు వీరభద్రప్ప.
అయితే ఉయ్యాల అయితది.
నా మనసే దిగువకు వొయ్యింది.
బీచుపల్లి రేవులనో, ఇంకా అవతలనో
బట్టలుతుకుతున్న ఎవరి చేతికో
మా పలక తగిలుంటది.
అరిగిన అంచు చూసి పోల్చుకుంటదో లేదో.
పోల్చుకుంటే
రెండు తాళ్లు కట్టుకొని
ఒక్క పది నిమిషాలు
కాళ్లు నేలకు ఆనకుండ కూసోవాలె ఆమె.

పొద్దుగూకంగ నెట్టు లేచింది.
మొదటి సర్వీసే వొయ్యి నీళ్లల్ల పడ్డది.
"బంతినైతే ఇయ్యం" అనుకుంట
మోకాళ్లలోతుకు ఉరికిండ్రు నలుగురు.